కొలువులో తిరగని కృష్ణుడు

మేము అరవ బడిలో చదివినవాళ్లం, రాతలో తప్పులుంటే దిద్దుకుని చదవండి.

ఈసారి దసరా కొలువులో పైమెట్టు కృష్ణుణ్ణి తిప్పాలని మనవడు పట్టుబట్టాడు. స్టెప్పర్ మోటారు కొన్నాం. వైర్లు మేమే రంగు చూసి కలిపాం. తిరగలేదు, గజగజ వణికింది. ప్రోగ్రాం తప్పు రాశావని వాణ్ణి అరిచాం. రెండు రోజులు వాడు మాతో మాట్లాడలేదు.

ఫ్యాను మోటారు లాగా ఇది గిర్రున తిరిగేది కాదు. లోపలి చుట్లకు వరసగా కరెంటు ఇస్తే అడుగడుగుగా కదులుతుంది. మాది అడుగుకు 1.8 డిగ్రీలు, 200 అడుగులకు ఒక చుట్టు. ఐదు, ఆరు వైర్ల యూనిపోలార్ రకంలో చుట్ట మధ్యనుంచి ఒక వైరు వస్తుంది. కరెంటు దిశ మార్చే పని లేదు, మామూలు ట్రాన్సిస్టర్లు చాలు. నాలుగు వైర్ల బైపోలార్‌లో దిశ తిప్పి తిప్పి ఇవ్వాలి, అందుకు హెచ్‌-బ్రిడ్జి డ్రైవరు కావాలి. మాది నాలుగు వైర్లదే.

రంగులను నమ్మకూడదు. మోటారును డ్రైవరు నుంచి విడదీసి, రెండేసి వైర్ల కొసలు కలిపి ఇరుసును చేత్తో తిప్పాలి. బిగువుగా తగిలితే ఆ రెండూ ఒకే చుట్టవి. అట్లా చూస్తే తప్పు మాదే. వాడి ప్రోగ్రాంలో ఏ లోపమూ లేదు. వాడి దగ్గరకు పోయి ఆ మాటే చెప్పాం.

జతలు మార్చి కలిపాం. "తాతా, తిరగతాండాది!" అన్నాడు. ఇంట్లో అరవమే మాట్లాడే పిల్లవాడు.

ఆగి ఉన్నప్పుడూ ఈ మోటారు కరెంటు లాగుతూ వేడెక్కుతుంది. చెయ్యి పెట్టి చూసి వాళ్లవ్వ రాత్రికి ఆపేయించింది.