గాజులు లేని గాజుల దుకాణం

2019 రంజాన్ నెల. రాత్రి పదకొండు దాటినా లాడ్ బజార్‌లో అడుగు తీసి అడుగు వేసే సందు లేదు. ఆ రద్దీలోనే దుకాణం సేఠ్ సాబ్ నన్ను చెయ్యి పట్టి లోపలికి లాగి, "భాయ్, చూడియాఁ కిధర్ గయే?" అన్నాడు. చికాగోలో ఉన్న మేనల్లుడు ఫోన్ చేశాడట. వెబ్‌సైట్ తెరిస్తే దుకాణం పేరుంది, ధరలున్నాయి, గాజులు మాత్రం లేవు. గాజులుండాల్సిన ప్రతి గడిలోనూ చిన్న ప్రశ్నార్థకం ఉందట.

ఆ సైట్ చేసింది నేనే. సేఠ్ ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెరిచి చూపించాను. లక్క గాజులు, వాటి మీద అద్దం ముక్కలు, రాళ్లు ధగధగా మెరుస్తున్నాయి. "మీవాడి నెట్ స్లోగా ఉంటది సేఠ్ సాబ్" అన్నాను. మర్నాడు మళ్లీ ఫోన్. "అయితే క్రోమ్ వేసుకోమనండి" అన్నాను. పాపం ఆ కుర్రాడు తన ఐఫోన్‌లో క్రోమ్ వేసుకున్నాడు. అందులోనూ అవే ప్రశ్నార్థకాలు. "ఫోన్ ఒకసారి ఆపి ఆన్ చేయమనండి" అన్నాను. అదీ చేశాడు. ఆడలేక మద్దెల ఓడంటారే, ఆ వారమంతా నాది ఆ వరసే.

నేను వాడేది ఉబుంటు లినక్స్. గౌలిపురాలో మా ఇంటి మేడ మీద గదిలో కూర్చుని, పైసా ఖర్చు లేని సాఫ్ట్‌వేర్‌తోనే సైట్లు చేస్తానని నలుగురిలో గొప్పలు చెప్పుకునేవాణ్ణి. ఐఫోన్‌లో ఉండే సఫారీ బ్రౌజర్ లినక్స్‌కు లేదు, ఎప్పుడూ రాలేదు. విండోస్‌కు 2007లో వచ్చి 2012లో ఆగిపోయింది. ఈ సంగతి నాకు తెలియక కాదు. వెనకటికి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌తో ఇలాంటి చిక్కే వస్తే, పరీక్షల కోసం అప్పట్లో మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చిన విండోస్‌ను వర్చువల్‌బాక్స్‌లో వేసుకుని గట్టెక్కాను. ఆ ధీమా ఉండిపోయింది. యాపిల్ దగ్గర ఆ దారి లేదు. మ్యాక్ ఓఎస్‌ను యాపిల్ మెషిన్ మీదే నడపాలని వాళ్ల లైసెన్సు.

మరి నేను ఐఫోన్‌లో పరీక్షించలేదా అంటే, పరీక్షించానని సేఠ్‌కు చెప్పాను. సిగ్గుపడాల్సింది ఇక్కడే. నా లాప్‌టాప్ క్రోమ్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి, జాబితాలో 'ఐఫోన్ ఎక్స్' అని ఎంచుకుంటే పేజీ ఐఫోన్ కొలతలకు కుదించుకుంటుంది, సర్వర్‌కు తన పేరు ఐఫోన్ అనే చెప్పుకుంటుంది. దాన్ని ఫొటో తీసి "ఐఫోన్‌లో కూడా చూశాను" అని వాట్సాప్ పెట్టాను. అది పగటివేషం. పోలీసు వేషం కట్టినవాడు లాఠీ ఊపగలడేమోగానీ కేసు రాయలేడు. వేషం ఐఫోన్‌ది, లోపల పేజీని గీసే ఇంజన్ మాత్రం క్రోమ్‌దే. తమాషా ఏమిటంటే మేనల్లుడి ఫోన్‌లో జరిగింది సరిగ్గా దీనికి తిరగేసిన వేషం. ఐఫోన్‌లో ఏ బ్రౌజర్ వేసుకున్నా లోపల యాపిల్ వారి వెబ్‌కిట్ ఇంజనే ఉండాలన్నది అప్పట్లో అన్నిచోట్లా నియమం. నేను వేసుకోమన్న క్రోమ్, పేరు మార్చుకున్న సఫారీయే.

వెబ్‌కిట్ అనే మాట తెలిశాక ప్రాణం లేచొచ్చింది. అదే ఇంజన్‌తో నడిచే ఎపిఫనీ అనే బ్రౌజర్ లినక్స్‌కు ఉంది. వేసుకుని సైట్ తెరిచాను. గాజులన్నీ వచ్చేశాయి! తప్పు మేనల్లుడి ఫోన్‌దేనని తీర్పు చెప్పేసి ఆ రాత్రి హాయిగా పడుకున్నాను. ఇంకో నాలుగు రోజులు అలా వృథా అయ్యాయి.

అసలు సంగతి బొమ్మల్లో ఉంది. అన్ని వందల ఫొటోలు జేపీజీలో పెడితే పేజీ బరువెక్కుతుందని వెబ్‌పీలోకి మార్చాను. అది గూగుల్ 2010లో తెచ్చిన పద్ధతి. జేపీజీ కన్నా 25 నుంచి 34 శాతం చిన్నగా వస్తుందని వాళ్ల లెక్క. క్రోమ్‌కు ఎప్పటినుంచో తెలుసు, ఫైర్‌ఫాక్స్ 2019 జనవరిలో నేర్చుకుంది. రెండింటిలోనూ చూశాను, బాగుంది. అంతే, సర్వర్‌లోని జేపీజీలన్నీ చెరిపేశాను. అప్పట్లో ఐఫోన్‌కు వెబ్‌పీ చదవడం రాదు. ఎపిఫనీకి ఎలా వచ్చిందంటే, ఇంజన్ ఒకటే అయినా బొమ్మను విప్పి చూపే పని కింద ఉన్న సిస్టమ్‌ది. లినక్స్‌లో ఆ పని చేసే లైబ్రరీ ఉంది, యాపిల్ సిస్టమ్‌లో అప్పటికి లేదు. బ్రౌజర్ అంటే ఎక్కడ పెట్టినా ఒకేలా నడిచే డబ్బా అనుకుని ఇన్నేళ్లు అన్నం తిన్నాను. అక్షరాలు, బొమ్మలు, తేదీ పెట్టెలు, ఇలా సగం పని అది ఆపరేటింగ్ సిస్టమ్ చేతిలో పెడుతుంది.

ఈ పాఠం అంతకు ఏడాది ముందే నా వాకిట్లోకి వచ్చిపోయింది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే మన తెలుగు అక్షరపు కూర్పు ఒకటి మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. గుర్తుండే ఉంటుంది. యాపిల్ హడావుడిగా ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. ఆండ్రాయిడ్‌లో ఆ అక్షరం నిక్షేపంగా కనిపించింది. మన అక్షరం అమెరికా ఫోన్‌ను పడగొట్టిందని ఇరానీ హోటల్లో కూర్చుని నవ్వుకున్నాం గానీ, ఒకే అక్షరం ఒకచోట నిలబడి ఇంకోచోట ఎందుకు కూలిందని నేను ఆలోచించలేదు.

చివరికి ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌కు వెళ్లి, అద్దం మూల పగిలిన పాత ఐఫోన్ 6 కొన్నాను. బేరం చేస్తూ అక్కడే, కౌంటర్ మీదే సైట్ తెరిచాను. వరసగా ప్రశ్నార్థకాలు. రెండు వారాలుగా చికాగో కుర్రాడు చెబుతున్నది పొల్లు పోకుండా నా అరచేతిలో ఉంది. షాపువాడు ఫోన్ పాడైందని నేను బేరం తగ్గిస్తానేమోనని కంగారుపడ్డాడు.

ఆ రాత్రి ఇంకో రెండు బయటపడ్డాయి. 'ఆర్డర్ చేయండి' బటన్ సఫారీ కింది పట్టీ వెనక్కి పోయి నక్కింది. తేదీకీ సమయానికీ మధ్య ఖాళీ వదిలి రాస్తే క్రోమ్ సర్దుకుపోయేది, సఫారీ ఒప్పుకోలేదు. దాంతో డెలివరీ తేదీ ఉండాల్సిన చోట 'అంకె కాదు' అని చెప్పే మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఎన్ఏఎన్, పడ్డాయి. సేఠ్ సాబ్ వాటిని కూడబలుక్కుని చదివి, "నాన్ ఎందుకు భాయ్? మనం గాజులమ్ముతున్నామా, పురానీ హవేలీలో మున్షీ నాన్ అమ్ముతున్నామా?" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

బాగుచేయడానికి పట్టింది ఒక పూట. ప్రతి బొమ్మకూ వెబ్‌పీతోపాటు జేపీజీ కూడా పెట్టి, ఏది చదవగలిగితే అది తీసుకోమని బ్రౌజర్‌కే వదిలే 'పిక్చర్' ట్యాగ్ రాశాను. చెరిపేసిన జేపీజీలు ఫొటోగ్రాఫర్ దగ్గర మిగిలి ఉండబట్టి సరిపోయింది. కానీ జూన్ 5న ఈద్ అయిపోయింది. పండగకు విదేశాల నుంచి ఆర్డర్లు వస్తాయనే సేఠ్ సైట్ చేయించుకున్నాడు. మిగిలిన డబ్బులు నేను అడగలేదు. అయినా బక్రీద్‌కు ముందు ఆయనే పిలిచి ఇచ్చాడు. ఇస్తూ, ముందు మేనల్లుడికి ఫోన్ చేసి సారీ చెప్పమన్నాడు. చెప్పాను.

అసలైన ఐఫోన్లను దూరం నుంచే అద్దెకు చూపించే బ్రౌజర్‌స్టాక్ లాంటి సేవలున్నాయి. అది ముంబైలో 2011లో పుట్టిన కంపెనీయే. ఇప్పుడు పెద్ద పనులకు నేనూ వాడతాను. 2020 సెప్టెంబరులో ఐఓఎస్ 14తో సఫారీకి వెబ్‌పీ కూడా వచ్చేసింది. నా ఐఫోన్ 6 మాత్రం ఐఓఎస్ 12 దగ్గరే ఆగిపోయింది. దానికి వెబ్‌పీ ఇక ఎప్పటికీ రాదు. అందుకే దాన్ని అమ్మకుండా సొరుగులో దాచుకున్నాను. సైట్ ఒప్పజెప్పే ముందు చూసుకోవాలనుకునే లినక్స్ సోదరులు ఎవరైనా గౌలిపురా వస్తే ఒక పూట అరువిస్తాను. ఛార్జర్ మాత్రం మీరే తెచ్చుకోండి.