ఆ బాబును నిలబెట్టిన రోజు



నా తప్పొకటి ఒప్పుకోవాలి. నేను మునుపు సేవ చేసిన ఊళ్లో సండే స్కూలుకు ఒక బాబు వచ్చేవాడు. వాక్యం చదివే వంతు రాగానే నీళ్ల వంకతో బయటికి పోయేవాడు. "నిలకడ లేని పిల్లోడు" అని అందరిముందు నిలబెట్టాను.

అదే బాబు దావీదు, గొల్యాతు కథ చెబితే కదలకుండా విని, పొల్లుపోకుండా తిరిగి చెప్పేవాడు. పరీక్షించిన డాక్టరుగారు అది డిస్లెక్సియా అన్నారు. తెలివి ఉంది, అక్షరాలతోనే తంటా. చదవలేక సిగ్గుపడి పారిపోయేవాడు.

ఏడీహెచ్‌డీ వేరు. అందులో ధ్యాస చెదరడం, కుదురు లేకపోవడం బడిలోనే కాదు, ఇంట్లోనూ ఆటలోనూ కనిపిస్తాయి, అదీ ఆరు నెలలకు పైగా. కొందరు పిల్లల్లో రెండూ ఉంటాయి. అందుకే మనం తీర్పు తీర్చకూడదు. ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించండి. తర్వాత ప్రభుత్వ జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ కేంద్రం ఎక్కడో అడగండి. 18 ఏళ్లలోపు పిల్లలను ఉచితంగా చూస్తారు. చదువులో ఇలాంటి ఇబ్బందిని 2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా గుర్తించింది.

ఆ బాబును క్షమాపణ అడిగాను. "పర్లేదు అయ్యగారూ, ఈ వారం కథ నేను చెప్పనా?" అన్నాడు.

చెప్పాడు. నేను పిల్లలతోపాటు చాపమీద కూర్చుని విన్నాను.