వారమునకొక ఛాయాచిత్రము

ఛాయాచిత్రమనగా వివాహమునాడో, పండుగనాడో తీయవలసినదని మనలో పెక్కుమంది యభిప్రాయము. తెల్లవారి వాకిట కళ్లాపి చల్లినది మొదలు రాత్రి వంటయిల్లు సర్దువఱకు మనము చేయు పనులకు చిత్రములు లేవు. కావున ముప్పదియేండ్ల పిదప మన మనుమరాండ్రు మన పట్టుచీరలను చూతురు గాని, మన నిత్యజీవితమును చూడజాలరు.

ఈ కొఱత దీర్చుకొనుటకై మా యింటి యాడువారము నలుగురము ఒక యేర్పాటు గావించుకొంటిమి. ప్రతి యాదివారమును చీటీలు వేసి యొక మాటను దీయుదుము. శనివారములోపల ఆ మాటకు దగిన చిత్రము నొక్కొక్కరము ఒక్కొక్కటి తేవలెను. అలంకరించి నిలువబెట్టరాదు, అనుమతి లేక తీయరాదు, చేతనున్న సెల్‌ఫోను దప్ప వేఱు యంత్రము కొనరాదు. ఇట్లు వారమున కొకటి చొప్పున ఏడాదికి 52 చిత్రములు తీయువారు దేశదేశములయందును గలరు. వరుసగా వచ్చిన మూడు మాటలు మమ్ము 2016లో నేర్పడిన మూడు జిల్లాలకు గొనిపోయినవి.

మొదటి మాట ‘చేయి’. జనగామకు సమీపముననున్న పెంబర్తికి బోతిమి. దేవాలయములకును రథములకును ఇత్తడి తొడుగులు చేయుటలో పేరుగాంచిన గ్రామమిది. లక్కపై రేకు నదిమి, చిన్న యులితో మెల్లగా గొట్టి, లతలను, దేవతామూర్తులను ఉబ్బెత్తుగా దేల్తురు. మెఱయుచున్న పళ్లెమును దీయుట సులభమే. కాని మాట ‘చేయి’ గదా! కిటికీనుండి వచ్చు వెలుతురులో, ఉలి బట్టిన యొక వృద్ధుని చేతిని దీసితిమి. సూర్యున కెదురుగా దీసినచో పనితనము నీడలో మునుగును. ప్రక్కవెలుగున దీసినచో రేకుమీది గీతయు చేతిమీది ముడుతయు సమానముగా గనబడును.

రెండవ మాట ‘ఎఱుపు’. మహబూబాబాదును ఇచ్చటివారు నేటికిని మానుకోట యనియే పిలుతురు. మేము పోయినది మిరపకాయల కాలము. మార్కెట్టులో రాశులు పోసియున్నవి; ఘాటునకు మా తుమ్ములాగలేదు. నీడపట్టున గూర్చుండి తాలుకాయలు ఏరుచున్న యొక స్త్రీని, చిత్రము దీయవచ్చునా యని యడిగితిమి. ఆమె చేతిపని యాపకయే యిట్లనినది:

“ఫొటువ దీస్తె దీయుండ్రి గని, నాకు సుత ఒకటియ్యుండ్రి. మా అవ్వది ఒక్కటన్న లేదు. ఆమె మొఖమెట్లుంటదో నా బిడ్డలెరుగరు.”

మాలో నెవరికిని బదులు దోచలేదు. ఊరిలోని స్టూడియోలో ప్రతి వేయించి సాయంకాలమునకే యామె కందించితిమి. ఆమె చేతులు కొంగున దుడుచుకొని, దానిని సద్దిమూటలో భద్రపఱచుకొన్నది. నాటినుండి మా నియమములలో నొకటి చేరినది: ప్రతి చిత్రమునకును రెండు ప్రతులు, అందొకటి చిత్రములోనివారికే.

మన ప్రాంతమున స్త్రీల చిత్రములకు పాత చరిత్ర కలదు. 1892లో లాలా దీన్‌దయాళ్ గారు హైదరాబాదున ఘోషా స్త్రీలకై ప్రత్యేకముగా నొక స్టూడియో నెలకొల్పి, దాని నిర్వహణమును ఒక ఆంగ్లవనిత కప్పగించిరి. అయినను అది సంపన్నగృహముల భాగ్యము. కూలిచేసుకొను తల్లుల ముఖములు నిలుచుట కెన్నడును అట్టి సదుపాయము లేదు. వరంగల్లువారగు భరత్ భూషణ్ గారు బతుకమ్మలను, పాత యిండ్ల తలుపులను, పల్లె స్త్రీలను చిత్రించి 2022లో కీర్తిశేషులైరి. వారు కెమెరాతో జేసిన పనిలో ఆవగింజంతయైనను మనము ఫోనుతో జేయవచ్చును.

మూడవ మాట ‘నలుపు’. భూపాలపల్లి సింగరేణి బొగ్గుగనుల యూరు. షిఫ్టు ముగించి వచ్చిన భర్త దుస్తులను బండపై నుదుకుచున్న యొక యిల్లాలు, “నా మొఖం వద్దు గని, ఈ నీళ్లు తీయుండ్రి, నలుపంటె గిదే” యనినది. ఆమె కోరినట్లే బండనుండి జాఱుచున్న నీటిని మాత్రమే తీసితిమి. నాటి సాయంకాలము గణపురము కోటగుళ్లను గూడ దర్శించితిమి. కాకతీయుల కాలపు ఆ శివాలయమును, చుట్టునున్న చిన్నగుళ్లను సంజవెలుగులో జూచుట కన్నులపండువు. శనివారమున మాలో ముగ్గురు గుళ్లనే తెచ్చిరి; ఒకతె నల్లనీటిని తెచ్చినది. ఆల్బములో మొదటి పుట నీటికే యిచ్చితిమి.

సోదరీమణులారా, ఇందులకు దూరప్రయాణములు అక్కఱలేదు. పోపులపెట్టె, ఆరవేసిన బట్టలు, గడపకడ చెప్పులు – ఇవియన్నియు మాటలే. ఫోను పాడైనచో అందలి చిత్రములు పోవచ్చును. కావున నెలకొకసారి ప్రతులు వేయించి, వెనుక ఊరు, తేది, పేరు వ్రాసియుంచుడు. ముఖ్యముగా, తీయుచున్నది తామే గనుక తాము చిత్రములో లేకపోవుట యాడువారికి తఱచుగా గలుగు నష్టము. ఈ యాదివారము ‘వంటయిల్లు’ అను మాటతో మొదలిడుడు. ఫోనును పిల్లలచేతి కిచ్చి, మీరు పొయ్యివద్ద నుండుడు.