గ్లాసు వేరు పెట్టాం, కిటికీ తెరవలేదు



మన పాండూరు పిల్లలు చాలామంది మద్రాసులో పనులకుంటారు. ఒకే గదిలో ఆరేడుగురు. అద్దె గిట్టాలంటే అంతే. వాళ్లలో ఒకడు దగ్గుతూ ఇంటికొస్తే మనమేం చేశాం? గ్లాసు, కంచం వేరు పెట్టాం. దోమలొస్తాయని కిటికీ మూశాం. ‘చలి దగ్గులే’ అని మూడు నెలలు దాటేశాం. క్షయ అని తేలేసరికి చెల్లెలూ దగ్గుతోంది.

క్షయ కంచంతో రాదు, గాలితో వస్తుంది. 1956లో మద్రాసులోనే ఒక పరిశోధన మొదలైంది. ఇరుకిళ్లలో ఉండే 193 మంది పేద రోగుల్లో సగంమందికి శానటోరియంలో, సగంమందికి ఇంట్లోనే ఏడాదిపాటు మందులిచ్చారు. తిండీ విశ్రాంతీ శానటోరియంలోనే మెరుగు. అయినా ఇంట్లో ఉన్నవాళ్లకూ దాదాపు అంతే బాగా నయమైంది. వాళ్ల ఇంటివాళ్లకు ఎక్కువగా అంటుకోనూ లేదు. అంటేది చాలావరకు మందు మొదలవకముందే.

ఇరుకు గది ప్రమాదమే, దాచిన దగ్గు అంతకన్నా ప్రమాదం. గది పెద్దది చెయ్యడం ఇవాళ మన చేతిలో లేదు. రెండు వారాలు దాటిన దగ్గుకి కళ్లె పరీక్ష చేయించడం మన చేతిలో ఉంది. సర్కారు ఆస్పత్రిలో పరీక్షా, మందులూ ఉచితం.

ఆ పిల్లవాడు ఆరు నెలలు మందులు వాడి మళ్లీ పనికి పోతున్నాడు. చెల్లెలూ కోలుకుంది. వాడి గ్లాసు మాత్రం ఇంకా గూట్లో వేరుగానే ఉంది. దాన్ని మిగతావాటిలో కలపాల్సింది మనమే.