రక్షకుడనే పేరుగల బీరు – మన ఈతచెట్టు కల్లు

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో గద్వాల ఉంది. అక్కడ రైలెక్కి కృష్ణానది దాటితే వనపర్తి రోడ్ స్టేషన్ వస్తుంది. సంస్థానాధీశుల ఊరైన వనపర్తి చూసుకొని బస్సులో తూర్పుగా సాగితే నాగర్‌కర్నూలు, ఆపైన నల్లమల అడవి. 2016లో వేర్వేరు జిల్లాలయ్యేవరకు ఈ మూడూ పాలమూరు జిల్లాలోనివే. దారి పొడుగునా చెలకలు, వాగుల వెంట ఈతచెట్లు, వాటికి కట్టిన లొట్లు కనబడతాయి. మోకు నడుముకు వేసుకొని తెల్లవారకముందే చెట్టెక్కే గీత కార్మికుల కష్టం ఈ నేలకు పాతదే.

ఈ పల్లెలకు సువార్త తెచ్చిన మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీలలో చాలామంది ఇంటి భాష జర్మన్. వారి పెద్దలు రష్యాలోని జర్మన్ వలస పల్లెలలో బ్రతికినవారు. కల్లు, సారా మానడం విశ్వాసి గుర్తుగా మన సంఘాలలో స్థిరపడింది. అదే జర్మన్ మాట్లాడే దేశంలో సన్యాసుల మఠాలే బీరుకు పుట్టిళ్లంటే మనకు ఆశ్చర్యమే.

మ్యూనిక్ నగరంలో పౌలానర్ సన్యాసులుండేవారు. మాంసం, గుడ్లు, పాలు ముట్టని కఠిన నియమం వారిది. 1634 నాటికే వారు బీరు కాచేవారు. శ్రమకాలపు ఉపవాసంలో ద్రవపదార్థం ఉపవాసాన్ని భంగపరచదని భావించి, చిక్కని బీరును ఆహారంగా తీసుకునేవారు. దానిని ద్రవరూపంలోని రొట్టె అన్నారు. బార్లీ గింజలను నానబెట్టి, మొలకెత్తించి, వేడిమీద ఆరబెడతారు. గింజ ఎంత మాడితే బీరు అంత నల్లన. రొట్టె పెచ్చు, మాడిన బెల్లం కలిసినట్టుండే ఆ రుచిని మెల్లగా ఆస్వాదిస్తారు. ఆ బీరు పేరు సాల్వేటర్. లాటిన్‌లో రక్షకుడని అర్థం! నేడు దానిలో ఆల్కహాలు నూటికి దాదాపు 8 పాళ్లు.

మన ప్రొటెస్టెంటు వంశావళిలోనూ బీరు ఉంది. 1525లో మార్టిన్ లూథరును పెండ్లాడిన కాతరీనా, విట్టెన్‌బర్గులో పాత మఠమే తమ ఇల్లు కాగా, అక్కడే బీరు కాచి ఇంటివారికి, అతిథులకు పోసేది. అయినా లూథరు తాగుబోతుతనాన్ని గట్టిగా ఖండించాడు. ఏమి త్రాగుచున్నాము అనే ప్రశ్నతోపాటు, ఏది మనలను ఏలుచున్నది అనే ప్రశ్న కూడా ఉందన్నమాట.

ఈ ప్రశ్నతో మన ఊరికి వద్దాం. తెల్లవారుజామున దించిన నీరా తియ్యగా ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ పులిసి కల్లవుతుంది. చెట్టు ఇచ్చేది అంతే. కానీ కొన్ని దుకాణాలలో చెట్టు కల్లు పేరుతో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్ వంటి మత్తుమందులు కలిపిన నీళ్లు అమ్మారు. 2015లో అధికారులు దానిని అరికట్టగా, అలవాటుపడిన ఎందరో మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో వణుకుతో, ఫిట్స్‌తో, మతిచలించి ఆసుపత్రుల పాలయ్యారు. కొందరు ప్రాణాలు కోల్పోయారు. కూలి డబ్బుతో కొన్నది కల్లు కాదు, సంకెళ్లు.

చదువరులారా, ఒక మాట గుర్తుంచుకోండి. కల్తీ కల్లుకు అలవాటైనవారిని ఒక్కరోజులో మాన్పించి ఇంట్లో కట్టిపడవేయకండి. అది ప్రాణాపాయం. వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకొనిపోయి వైద్యుని చేత క్రమక్రమంగా మాన్పించాలి. సంఘంలో ఆ కుటుంబాన్ని వెలివేయక, ఆ రోజుల్లో పిల్లలకు బువ్వ పెట్టండి, భార్యకు తోడుండండి. గీత కార్మికుని నిందించకండి. కల్తీ చేసేవాడు వేరు, చెట్టెక్కేవాడు వేరు.

బీరుకు రక్షకుడని పేరు పెట్టినంత మాత్రాన అది ఎవరినీ రక్షించలేదు. మత్తులోనున్న సహోదరుని ఆసుపత్రి గడపదాకా నడిపించే చెయ్యి మాత్రం మనందరికీ ఉంది.