జీవాలు చేసే సేద్యం

మా పలమనేరు ప్రాంతపు పల్లెల్లో గొర్రెలను, మేకలను కలిపి జీవాలు అంటాము. ఎద్దులు సేద్యానికి, జీవాలు చేతి ఖర్చుకు అని పెద్దలు విడదీసి చెప్పేవారు. ఇప్పుడు ఎద్దుల జత ఉన్న ఇండ్లు వేళ్లమీద లెక్కపెట్టవచ్చును. ట్రాక్టరు గంటలో దున్ని పోతుంది గాని పేడ వేయదు గదా! అందుచేత రెండెకరాల ఎర్రనేల గల మాబోటివారికి సేద్యంలో ఎన్నో పనులు ఈ చిన్న జీవాలమీదనే పడినవి. ప్రభువు కృపవలన మాకు పది గొర్రెలు, ఒక పొట్టేలు, డజను నాటుకోళ్ళు ఉన్నవి.

అన్నిటికంటె పెద్ద పని ఎరువు. గొర్రె, మేక ఎరువులో నత్రజని సుమారు 3 శాతం, భాస్వరం 1 శాతం, పొటాషు 2 శాతం ఉంటుంది. మామూలు పశువుల దిబ్బ ఎరువులో నత్రజని అర శాతమే. పైగా మందను చేనిలోనే నిలిపితే పెంటికలతోపాటు మూత్రం కూడ నేలలోకే దిగుతుంది. దిబ్బకు మోయడం, దిబ్బనుండి మళ్లీ చేనికి మోయడం అనే రెండు చాకిరీలు తప్పుతాయి. ఎండాకాలంలో మేము నాలుగు తడికలు కట్టి, వాటి మధ్య రాత్రి గొర్రెలను పడుకోబెట్టి, తెల్లవారి తడికలను ఒక్కో బారెడు జరుపుతాము. అయితే ఉన్నమాట చెప్పాలి. పది గొర్రెలతో రెండు నెలలు తిప్పినా ఇరవై సెంట్ల నేలకు మించి రాదు. మిగతా చేనికి కాపరుల పెద్ద మందను పిలిచి, రాత్రికింతని డబ్బో రాగులో ఇచ్చి నిలపవలసినదే. మంద లేచిన వెంటనే పైపైన దున్నించాలి. ఎండకు వదిలేస్తే నత్రజని గాలిలో కలిసిపోతుంది. తెల్లవారుజామున మంద దగ్గర ముక్కుకు తగిలే ఆ ఘాటు, మనం డబ్బిచ్చి కొన్న ఎరువు ఎగిరిపోవడమే.

కోళ్ళ పని వేరు. చెనక్కాయకు వేరుపురుగు, ఎర్ర గొంగళిపురుగు ఎంత నష్టం చేస్తాయో మన రైతులకు చెప్పనక్కరలేదు. గొంగళిపురుగు కోశస్థ దశలో మట్టిలో దాగి, తొలకరి వానకు రెక్కల పురుగై లేస్తుంది. వేసవి దుక్కి చేసినప్పుడు నాగలి వెంట కోళ్ళు నడిస్తే ఆ కోశాలను, వేరుపురుగులను ఏరుకొని తింటాయి. విత్తనం వేసిన తరువాత మాత్రం పది పన్నెండు రోజులు గంప కిందనే ఉంచాలి. లేకుంటే విత్తనం గూడ పురుగే అనుకుంటాయి. మందు కొట్టిన చేనికి కోడిని గాని గొర్రెను గాని పోనివ్వరాదు. కోడిపిల్లలకు కొక్కెర తెగులు టీకా, గొర్రెలకు వానలకు ముందే చిటుకు రోగం టీకా వేయించడం మరువకూడదు.

మామిడి తోటలో కూడ ఇవి పనికి వస్తాయి. రాలిన పుచ్చుకాయలోని పండు ఈగ పురుగు మట్టిలోకి దిగి కోశం కట్టుకుంటుంది. కోళ్ళు కెలికితే అది బయటపడుతుంది. చెట్ల కింద గడ్డిని గొర్రెలు తింటాయి. రాలిన పండ్లు మాత్రం ఎక్కువ తిననిస్తే కడుపుబ్బరం వస్తుంది. మేకను తోటలోకి తోలడం మాకు సమ్మతి కాదు. అది చెట్టు బెరడును గీకి తింటుంది. పొరుగువాని చేను మేసిన పశువు యజమాని తన చేని మంచి పంటలోనుండి నష్టం చెల్లించాలని నిర్గమకాండము 22వ అధ్యాయంలో ఉన్నది. మోషే కాలంలోనూ మేకలు ఇట్లాంటివే గాబోలు.

2018లో వానలు లేక చెనక్కాయ ఊడలు దిగే వేళకు ఎండిపోయినది. మేత లేదు. అమ్మాయి ఇంటర్మీడియట్ ఫీజు కట్టాలి. బేరగాడు వచ్చి మందనంతా సగం ధరకు అడిగాడు. అందరూ అమ్ముతున్నారు గనుక మేమూ అమ్ముదామనుకున్నాము. మా అత్త ఒప్పుకోలేదు. "జీవాలన్నీ తోలేస్తే రేపు వాన పడినాక చేనికి ఏమేస్తావు నాయనా? యూరియా మూటకు మళ్లా అప్పు చేస్తావా?" అన్నది. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో సామెతలు 27వ అధ్యాయం చివరి వచనాలు చదివాము. గొర్రెపిల్లలు బట్టకు, మేకపోతులు పొలం కొనడానికి అని అక్కడ సొలొమోను లెక్క చెప్పాడు. పొట్టేలు పిల్లలను నాలుగింటిని మాత్రం అమ్మి ఫీజు కట్టాము. ఈనే గొర్రెలను రావి, వేప, చింత కొమ్మలు నరికి వేసి నిలుపుకున్నాము. మరుసటి ఏడు తడికలు తిప్పిన ఇరవై సెంట్లలో రాగి పైరు బాటమీదికే నల్లగా కనబడినది.

అయినా మందను పెంచుకొనుడి అని మేము ఎవరికీ చెప్పము. మేత పోరంబోకులు తగ్గిపోయినవి. జీవాలు ఎక్కువైతే వాటి వెంట పోయేది ఎక్కువగా ఇంట్లోని పిల్లలే, అందులోనూ ఆడపిల్లలే. మన సంఘాల్లో మేకల కొరకు బడి మానిన అక్కచెల్లెళ్ళు ఎంతమంది ఉన్నారో ఆదివారం బైబిలు చదవమన్నప్పుడు తెలిసిపోతుంది. మా ఇంట్లో లెక్క ఒకటే: పిల్లలు సాయంత్రం బడినుండి వచ్చి తేగలిగిన ఒక మోపు ఆకు, చెనక్కాయ కట్టె వామి, వీటికి సరిపోయినన్నే జీవాలు.

పోయిన ఈతలో మందకు మించి పుట్టిన రెండు ఆడపిల్లలను సంఘంలోని ఒక విధవరాలికి పాలికి ఇచ్చాము. మొదటి ఈత ఆమెది, రెండవ ఈత మాది. ఆమెకు సెంటు భూమి లేదు గాని దొడ్డి ఊడ్చిన పెంటికలను గంపకింతని టమాటా రైతులు ఇంటికి వచ్చి కొనుక్కొని పోతున్నారు.