టమోటా సీమలో కొత్తిమీర కాపలా

సంచీ నిండా కూరగాయలు కొన్నాక, చివర్లో ‘అక్కా, రవంత కొత్తిమీర వెయ్యి’ అంటే కాదనేవాళ్లు సంతలో ఎవరూ ఉండరు. కొసరుగా వచ్చే ఆకు అది. లెక్కలోకి రాదు. దాని విలువ తెలియాలంటే ఒక్కసారి పెరట్లో గుప్పెడు ధనియాలు చల్లి చూడాలి. మూడో రోజు ఏమీ ఉండదు. వారం గడుస్తుంది... ఉండదు. పదో రోజున కూడా మడి ఎర్రగా, నున్నగా, వెక్కిరిస్తున్నట్టు అలాగే ఉంటుంది. ‘విత్తనం పుచ్చిపోయిందిలే’ అనుకుని పార తీసుకుని మడి తిరగేస్తారు. అదే పొరపాటు. మరో రెండు మూడు రోజులు ఆగి ఉంటే మొలక పైకి వచ్చేది!

ఈ ఆగడమనే విద్య ఎంత కష్టమో చూడాలంటే కురబలకోటకు మించిన చోటు లేదు. ఎందుకంటే ఇది టమోటా సీమ. టమోటాకు ఎవరికోసమూ ఆగే అలవాటు లేదు.

మదనపల్లె నుంచి కదిరి మీదుగా అనంతపురం వెళ్లే 42వ నంబరు జాతీయ రహదారి పడితే, పట్టణం దాటిన కాసేపటికే అంగళ్లు వస్తుంది. కురబలకోట మండలంలోని ఊరే అది. దారి పొడవునా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండరాళ్ల గుట్టలు, వాటి మధ్య ఎర్రని కయ్యలు, గట్ల మీద చింతచెట్లు. పంట లేని కాలంలో టమోటా కట్టెలన్నీ ఒకచోట చేర్చి గుడిసెల్లా నిలబెట్టి ఉంటాయి. పంట ఉన్న కాలంలో రంగురంగుల క్రేట్లు కొండల్లా పేరుకుంటాయి. ఒకప్పటి చిత్తూరు జిల్లా పడమటి మండలాలివి. సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు. కాస్త అవతల 1265 మీటర్ల హార్స్‌లీ హిల్స్. అందుకే ఎండాకాలం కూడా తిరుపతిలోలా మాడ్చేయదు. నీళ్లు మాత్రం తక్కువ. బోరు ఎంత లోతు పోయిందన్నదే ఇక్కడ రైతులు కలిసినప్పుడు మొదటి మాట.

రోడ్డు పక్కన షేడ్‌నెట్లు కప్పిన నర్సరీలు కనిపిస్తాయి. లోపల 98 గుంతల ప్లాస్టిక్ ట్రేలు, వాటిలో కొబ్బరిపొట్టు, గుంతకో విత్తనం. ఒక గ్రాము టమోటా గింజల్లో ఇంచుమించు 300 విత్తనాలుంటాయి. వేసిన అయిదు నుంచి ఎనిమిది రోజుల్లో చిన్న కొక్కేల్లా తలలెత్తుతాయి. 25, 30 రోజులకు నారు పొలానికి సిద్ధం. ఇంత ఠంచనుగా నడిచే పంటతో తరాలుగా మెలిగిన కళ్లకు, పదిహేను రోజులైనా పలకని కొత్తిమీర మడి అంటే అసహనం రాదా మరి!

గొడుగు చుట్టాలు

కొత్తిమీరది ఒంటరి బద్ధకం కాదు, అది వంశ లక్షణం. కొత్తిమీర, క్యారెట్, జీలకర్ర, సోంపు, వాము... ఇవన్నీ ఒకే కుటుంబం. పూత చూస్తే చుట్టరికం ఇట్టే తెలిసిపోతుంది. సన్నని కాడలన్నీ ఒకే చోట నుంచి లేచి, పైన గొడుగు విప్పినట్టు పూలు పూస్తాయి. పోపులపెట్టెలో సగం అరలు ఈ వంశానివే.

ఇదే వంశంలో పడమటి దేశాల పెద్దన్న ఒకడున్నాడు. పేరు పార్స్‌నిప్. చూడటానికి పాలిపోయిన తెల్ల క్యారెట్‌లా ఉంటుంది. ఐర్లాండ్, ఇంగ్లండ్ పల్లెల్లో చలికాలపు దుంప. నేలలో ఉండగా చలి పడితే దానిలోని పిండి పదార్థం చక్కెరగా మారి తీపెక్కుతుంది. మొలకెత్తించడంలో దాన్ని మించిన మొండిఘటం లేదని అక్కడి తోటమాలులు తలలు పట్టుకుంటారు. మూడు నాలుగు వారాలు పట్టినా ఆశ్చర్యం లేదు. పైగా విత్తనం ఒక్క ఏడాది దాటితే చాలావరకు పనికిరాదు. కాగితంలా పల్చగా ఉండటంతో వేసేటప్పుడు గాలికి ఎగిరిపోతుంది కూడా!

మదనపల్లెకు ఆ దేశాలు కొత్తేం కాదు. ఐర్లాండ్ నుంచి వచ్చిన జేమ్స్ కజిన్స్, మార్గరెట్ కజిన్స్ దంపతులు ఇక్కడి బీసెంట్ కళాశాలలో ఉన్నప్పుడే, 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చి ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి మార్చారు. ఇంగ్లీషు కూరగాయలని పిలిచిన క్యారెట్, బీట్‌రూట్, క్యాబేజీ మన వంటింటి మనుషులైపోయాయి. పార్స్‌నిప్ మాత్రం కలిసిపోలేదు. దానికి కావలసిన గట్టి చలి మన దగ్గర లేదు. మొలవడానికే నెల, ఊరడానికి మరో నాలుగు నెలలు తీసుకునే దుంపకు నీళ్లు కట్టే ఓపిక బోరుబావుల సీమకు ఉండాలనుకోవడమూ అత్యాశే. 

ఇంతకీ ఈ వంశానికి ఎందుకింత ఆలస్యం? చిక్కుడు గింజను రెండుగా విప్పితే లోపల బుజ్జి మొక్క దాదాపు పూర్తి రూపంలో కనిపిస్తుంది. నీళ్లు తగలగానే లేచి నిలబడటమే దాని పని. గొడుగు వంశపు విత్తనంలో పిండం చాలా చిన్నది, ఎదగనిది. మొక్క నుంచి గింజ రాలిపోయే నాటికి కూడా దాని ఎదుగుదల పూర్తి కాదు. నేలలో పడి, తడి తగిలాక, గింజ లోపలే కొన్నాళ్లు పెరిగి, ఆ తర్వాత గానీ బయటకు రాదు. అంటే పైకి ఏమీ జరగనట్టు కనిపించే ఆ పది రోజులూ లోపల పని నడుస్తూనే ఉంటుందన్నమాట. గింజ పైపొరలో ఉండే కొన్ని పదార్థాలు మొలకను అడ్డుకుంటాయి కూడా. అవి నీళ్లలో కరిగి పోవాలి.

ఈ మధ్యలో ఒక్కసారి తడి ఆరిందా, మొదలైన పని ఆగిపోతుంది. సగం లేచిన పిండం ఎండిపోతే మళ్లీ ఎన్ని నీళ్లు పోసినా లేవదు. చాలామంది విత్తనాన్ని తిట్టేది ఇక్కడే. తప్పు దానిది కాదు. ఏడో రోజున ‘ఎలాగూ రాలేదు కదా’ అని మానేసిన చెంబెడు నీళ్లది.

మన దేశంలో ధ్రువీకరించిన విత్తనానికి ఉండాల్సిన కనీస మొలక శాతం టమోటాకు 70 అయితే, క్యారెట్‌కు 60 మాత్రమే. ప్రభుత్వ లెక్క కూడా ఈ వంశం మీద కాస్త దయ చూపిందన్నమాట!

చెక్కు కట్టే నేల

కురబలకోట ఎర్రనేలకు ఓ గుణం ఉంది. చెంబుతో గానీ పైపుతో గానీ గబుక్కున నీళ్లు పోస్తే సన్నటి మన్ను పైకి తేలుతుంది. మధ్యాహ్నానికి ఎండి, అప్పడంలా చెక్కు కడుతుంది. చెనక్కాయ మొలక అయితే దాన్ని పగలగొట్టుకుని వస్తుంది. కొత్తిమీర మొలక దారప్పోగంత. దానికి ఆ బలం లేదు. చెక్కు కింద మడతలు పడి, పసుపు రంగుకు తిరిగి చనిపోతుంది. దానికి తోడు ఆషాఢం గాలి. పొద్దున తడిపిన నేల పైఅంగుళం పదకొండు గంటలకల్లా పొడిపొడి అయిపోతుంది.

పెరట్లో అయితే పోయేది గుప్పెడు ధనియాలు. పొలంలో అలా కాదు. టమోటా ధర ఎప్పుడెలా ఉంటుందో ఎవరికీ అంతుపట్టదు. 2023 జులై చివర్లో మదనపల్లె మార్కెట్లో కిలో దాదాపు 200 రూపాయలు పలికింది. అదే పంటను కోత కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోసిన రోజులూ ఈ సీమ చాలాసార్లు చూసింది. అందుకే ఉన్న కాస్త నీటిలో ఓ మూల ఆకుకూర వేసుకోవడం చిన్న రైతుకు ఊరట. 40 రోజుల్లో చేతికి డబ్బు తెచ్చే పంట అది. పదో రోజున ఆశ వదిలి దున్నేస్తే విత్తనం, దుక్కి, పది రోజుల బోరు నీళ్లు అన్నీ నేలపాలు. తిరిగి వేసేసరికి పండగ గిరాకీ దాటిపోతుంది. ఇంటి ఖర్చు నడిచే చోట, పదో రోజుకూ పదిహేనో రోజుకూ మధ్య తేడా చాలా పెద్దది.

మరి ఏం చేయాలి? మొదటి పని వంటింట్లోనే. ధనియం అంటే ఒక గింజ కాదు, రెండు. గుండ్రని కాయలో రెండు బద్దలు, బద్దకో విత్తనం. చేటలో పోసి రొట్టెలకర్రతో మెల్లగా ఒత్తి దొర్లిస్తే రెండుగా విడిపోతాయి. పొలాల్లో చెప్పుతో నలపడం పాత అలవాటే. చారుపొడికి కొట్టినట్టు కొడితే మాత్రం పిండమే నలిగిపోతుంది. విడగొట్టిన బద్దల్ని ఒక రాత్రి నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, తడిగుడ్డలో మూట కట్టి రెండు మూడు రోజులు నీడన పెట్టాలి. గుడ్డ ఆరకూడదు, నీళ్లు కారకూడదు. వడ్లు మండె కట్టిన ఇళ్లకు కొత్తగా నేర్పాల్సిన పని కాదిది.

కొట్లో కొన్న ధనియాలతో ఒక చిక్కుంది. అవి కూరకు అమ్మేవి, విత్తడానికి కాదు. ఎన్నేళ్ల నాటివో డబ్బా చెప్పదు. అనుమానముంటే ముందుగా 20 బద్దలు లెక్కపెట్టి తడిగుడ్డలో పెట్టి, రెండు వారాలు చూడాలి. పన్నెండో పదమూడో మొలిస్తే మడికి పనికొస్తాయి. అయిదారు దగ్గరే ఆగిపోతే ఆ ధనియాలు సాంబారుకే.

మడిలో మన్ను పొడిగా చేసి, బాగా మాగిన పశువుల ఎరువు కలిపితే చెక్కు కట్టడం తగ్గుతుంది. సెంటీమీటరు లోతు చాలు. పైన పల్చగా చెనక్కాయ పొట్టు గానీ తడి గోనెసంచి గానీ కప్పితే గాలి పప్పులు ఉడకవు. నీళ్లు పోయడం కాదు, చిలకరించాలి, పొద్దునా సాయంత్రమూ. ఎనిమిదో రోజు నుంచి గోనె ఎత్తి చూస్తూ ఉండాలి. తెల్లటి మొలక తల కనిపించిన సాయంత్రమే సంచి తీసేయాలి. ఎండపూట తీస్తే లేత మొలకలు వాడిపోతాయి. ఒక రోజు మరచిపోతే గోనె పోగుల్లోకి దూరి, తీసేటప్పుడు వేళ్లతో సహా ఊడొస్తాయి.

నేలను కప్పి ఉంచితే ఏమవుతుందో పెద్ద ఎత్తున చూడాలనుకుంటే ఇదే మండలంలో తెట్టు దగ్గర రిషివ్యాలీ ఉంది. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఎంచుకున్న చోటు అది. ఒకప్పుడు బోడిగా ఉన్న ఆ లోయలో దశాబ్దాల పాటు చెట్లు పెంచారు. రాలిన ఆకు నేలను కప్పింది, వాన నీరు నిలిచింది. 1991లో దాన్ని పక్షుల రక్షిత ప్రాంతంగా గుర్తించారు. కొండకు ఆకు చేసిన పనినే మడికి గోనెసంచి చేస్తుంది.

పార్స్‌నిప్ వేసే పడమటి తోటమాలుల దగ్గరా ఒక చిట్కా ఉంది, మనకూ పనికొస్తుంది. అదే సాలులో అక్కడక్కడా ముల్లంగి గింజలు వేస్తారు. అవి నాలుగైదు రోజుల్లోనే మొలిచి, సాలు ఎక్కడుందో చూపిస్తాయి, నేల చెక్కునూ పగలగొడతాయి. పైగా ఆకుపచ్చగా ఏదో కనిపిస్తుంటే నీళ్లు పోసే చేయి మానదు! క్యారెట్ మడికి ఇది మరీ మంచిది. ముచ్చటపడి పార్స్‌నిప్పే వేసి చూస్తామంటే కార్తీకంలో, ఆ ఏటి కొత్త విత్తనంతో వేయాలి. ఒక్క జాగ్రత్త... దాని ఆకు పసరు చర్మానికి అంటుకుని ఎండ తగిలితే బొబ్బలెక్కుతుంది. చేతికి తొడుగులు తప్పనిసరి.

కొత్తిమీరకూ కార్తీకం నుంచి మాఘం దాకా ఇక్కడ మంచి కాలం. వేసవిలో నీడ లేకుండా వేస్తే, మొలిచినా నాలుగు ఆకులు వేయకముందే పూతకొస్తుంది. అలాంటప్పుడు విసుక్కుని మొత్తం పీకేయనక్కర్లేదు. మడి అంచున ఓ అయిదారు మొక్కలు వదిలేస్తే గొడుగుల్లా పూసి, కాయలు ముదిరి గోధుమ రంగుకు తిరుగుతాయి. వాటిని కోసి నీడన ఆరబెట్టి, కాగితం పొట్లంలో కట్టి, పైన నెల, సంవత్సరం రాసి పెట్టుకుంటే వచ్చే కార్తీకానికి విత్తనం ఎన్నేళ్లదన్న అనుమానం ఉండదు.